పద్మినికి పాతిక వేల బ్రేకులు

పాత బండి ఉన్న ప్రతి ఇంట్లో రెండు పార్టీలు ఉంటాయి. ఒకటి ‘అమ్మేద్దాం’ పార్టీ, రెండోది ‘బాగుచేయిద్దాం’ పార్టీ. మా ఇంట్లో మొదటి పార్టీకి అమ్మ ప్రెసిడెంటు. రెండో పార్టీలో తాతయ్య ఒక్కడే ఉండేవాడు. ఈ వేసవి సెలవుల్లో నేను కూడా చేరాను. నాన్న ఎప్పటిలాగే న్యూట్రల్.

బండి 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని. ఇటలీ వాళ్ళ ఫియట్ 1100 డి డిజైన్‌తో బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసిన కారు. పాత హిందీ సినిమాల్లో నలుపు పసుపు టాక్సీలు చూసుంటారు కదా, అదే. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు. పెడల్ మీద మన కాలి బలమే తప్ప, సాయం చేసే బూస్టర్ లేదు. తాతయ్య ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి 2009లో రిటైరయ్యాక దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. కరోనా టైమ్‌లో టార్పాలిన్ కింద పెట్టిన బండి మళ్ళీ బయటికి రాలేదు.

ఇప్పుడు తాతయ్యకి 74. ఆయన కోరిక ఒకటే. తను బస్సు నడిపిన శ్రీశైలం రూట్లోనే నాయనమ్మని ఈ కార్లో తీసుకెళ్ళాలి. వినుకొండ, మార్కాపురం, దోర్నాల మీదుగా. దోర్నాల దాటాక నల్లమలలో దాదాపు 50 కిలోమీటర్లు అడవి, ఘాట్ రోడ్డు. అమ్మ భయమంతా ఆ ఘాట్ గురించే.

నాన్న చివరికి ఒక మాట అన్నాడు. “పాతిక వేలు ఇస్తా. ముందు బ్రేకులు చూసుకోండి. పాతిక దాటితే బండి తుక్కు కొట్టుకే.”

బ్రేకులు ముందు ఎందుకో ఇంటర్ ఫిజిక్స్ గుర్తున్నవాళ్ళకి సులువుగా అర్థమవుతుంది. బండి బరువు సుమారు 900 కిలోలు. నలుగురం ఎక్కితే 1150 దాటుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో దాని గతిశక్తి సుమారు 160 కిలోజూళ్ళు. బ్రేకు చేసే పని దీన్ని వేడిగా మార్చడమే. ఆ వేడితో అర లీటరు నీళ్ళు మరిగేదాకా కాచొచ్చు. అంటే 60 మీద ఒక్కసారి ఆపితే నలుగురి టీకి సరిపడా నీళ్ళు కాగినట్టు. ఘాట్‌లో ఇంకా ఎక్కువ. ఇదే బండి 300 మీటర్ల ఎత్తు నుంచి కేవలం బ్రేకు మీదే దిగితే, 60 మీద ఇరవై సార్లు ఆపినంత వేడి పుడుతుంది. డ్రమ్ము ఇనప గిన్నెలాంటిది. లోపల పుట్టిన వేడి తొందరగా బయటికి పోదు. లైనింగ్ పట్టు తగ్గుతుంది, డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూలకి దూరం జరుగుతుంది, పెడల్ ఇంకా ఇంకా కిందికి పోతుంది.

అందుకే హైదరాబాద్‌లో ఉండే మా అన్నయ్య, పెద్దనాన్న కొడుకు, వెంటనే వీడియోలు పంపాడు. “ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు పెట్టించు. డ్రమ్ములు మ్యూజియంలో పెట్టుకో” అని. పాత కార్ల మీద పిచ్చి ఉన్నవాళ్ళందరి కల అదే. వేడిని వదిలించుకోవడంలో డిస్కుకి సాటి లేదు, నిజమే.

ఆ వీడియోలు విజయవాడ ఆటోనగర్‌లో మా మేస్త్రిగారికి చూపించాను. ఆయన ఫోన్ తీసుకుని ఓపిగ్గా రెండు చూసి, తాతయ్య కాళ్ళ వైపు చూశాడు.

“అమ్మా, బాగానే ఉంది గానీ, నొక్కేదెవరు?”

అక్కడే అసలు విషయం ఉంది. డ్రమ్ము తిరిగేటప్పుడు ముందు షూని తనతోపాటు లాక్కుని ఇంకా గట్టిగా అదుముకుంటుంది. మనం కొంచెం నొక్కితే అది మిగతా కొంచెం తనే చేసుకుంటుంది. డిస్కుకి ఆ గుణం లేదు, ప్యాడ్‌ని ఎంత బలంగా నొక్కితే అంతే. అందుకే డిస్కులున్న కార్లలో మామూలుగా బూస్టర్ ఉంటుంది. బూస్టర్ లేకుండా డిస్కులు పెడితే పెడల్ రాయిలా ఉంటుంది. బూస్టర్ కూడా పెట్టాలంటే చోటు వెతకాలి, ఇంజను నుంచి వాక్యూమ్ పైపు లాగాలి, మాస్టర్ సిలిండర్ మార్చాలి. పాతిక వేలు అక్కడికే అయిపోతాయి. తాతయ్య కుడి మోకాలు అరిగి మూడేళ్ళయింది. వేరే వాళ్ళకి అప్‌గ్రేడ్ అయ్యేది ఆయన మోకాలికి డౌన్‌గ్రేడ్ అవుతుంది.

ఇంకోటి కూడా ఉంది. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చే విషయంలో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 గట్టిగానే ఉంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది కాబట్టి ఈ విషయం పక్కన పెట్టేది కాదు.

“కంపెనీవాడు ఇచ్చిన బ్రేకు ఇచ్చినట్టు పనిచేసి ఎన్నాళ్ళయిందో ముందు చూద్దాం” అన్నాడు మేస్త్రి. నాకు ఆ మాట నచ్చింది. స్లోగా ఉన్న కోడ్‌ని కొత్త లాంగ్వేజ్‌లో తిరగరాసే ముందు, ఉన్నదాంట్లో బగ్ ఎక్కడుందో చూడమని మా సార్ చెప్పేదీ అదే.

చూడాలంటే కొలవాలి. మా ఊరి బయట ఒక రియల్ ఎస్టేట్ వెంచర్ ఉంది. ఇళ్ళు రాలేదు గానీ రోడ్లు మాత్రం వేశారు. అక్కడ సుద్దముక్కతో గీత గీశాం. తాతయ్య 50 మీద వచ్చి గీత దగ్గర బ్రేకు నొక్కాలి. ఆగిన చోటు నుంచి నేను టేపుతో కొలవాలి. మూడుసార్లు చేశాం. సగటున 31 మీటర్లు. ప్రతిసారీ బండి ఎడమకి లాగింది.

ఎడమకి ఎందుకు లాగిందో డ్రమ్ములు విప్పగానే తెలిసింది. కుడి ముందు చక్రంలో వీల్ సిలిండర్ కారుతోంది. బ్రేక్ ఆయిల్ లైనింగ్‌కి పట్టి ఆ చక్రం సరిగ్గా పట్టుకోవడం లేదు. ఎడమది పట్టుకుంటోంది. రబ్బరు హోసులు వంచితే పగుళ్ళు కనిపించాయి. మాస్టర్ సిలిండర్ నుంచి తీసిన ఆయిల్ డికాక్షన్ రంగులో ఉంది.

బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుందని నాకు ఈ ప్రాజెక్టులోనే తెలిసింది. డాట్ 3 రకం కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. నీరు పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఈ అంకెలు 230, 155. ఘాట్‌లో డ్రమ్ముల వేడికి నీరు పట్టిన ఆయిల్ మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు వస్తాయి. ఆయిల్‌ని నొక్కితే బలం చక్రానికి వెళ్తుంది. ఆవిరిని నొక్కితే అది ముడుచుకుంటుందంతే. పెడల్ నేలకి తగులుతుంది, బండి మాత్రం ఆగదు. అన్నిట్లోకి చవకైన అప్‌గ్రేడ్ ఏదంటే నేను కొత్త బ్రేక్ ఆయిల్ అనే అంటాను.

వారం రోజులు ఆటోనగర్ తిరిగాం. డ్రమ్ములు లేత్ మీద పట్టించి, షూలకి కొత్త లైనింగులు కొట్టించడానికి 3,200. వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ కిట్ 4,300. హోసులు, ఒక స్టీలు పైపు, డాట్ 4 ఆయిల్ 1,500. హ్యాండ్ బ్రేక్ కేబుల్ 500. మేస్త్రి కూలి 3,000. మొత్తం 12,500. మిగతా సగంతో నాలుగు టైర్లు, 12,400. టైర్లు బ్రేకుల ఖాతాలో ఎందుకని నాన్న అడిగాడు. బ్రేకు ఆపేది చక్రాన్ని, బండిని ఆపేది టైరు. పాత టైర్ల పక్కన చివరి నాలుగంకెలు 1114 అని ఉన్నాయి, అంటే 2014లో పదకొండో వారం తయారీ. అరుగుదల లేకపోయినా రబ్బరు గట్టిపడిపోయింది. లెక్క చూసి నాన్న ఏమీ అనలేదు. మిగిలిన వంద చెరుకు రసానికి పోయింది.

మీలో ఎవరైనా ఈ పని మొదలుపెడితే రెండు జాగ్రత్తలు. పాత లైనింగుల పొడిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గాలి కొట్టి ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. రబ్బరు వాషర్లకి కిరోసిన్, పెట్రోలు, గ్రీజు తగలనీయొద్దు, ఉబ్బి పాడవుతాయి.

ఎయిర్ తీసేటప్పుడు పెడల్ డ్యూటీ నాది. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి, కుడి ముందు చక్రంతో ముగించాలి. కింద నుంచి మేస్త్రి “కొట్టమ్మా, కొట్టు, కొట్టు, పట్టుకో” అంటాడు. నేను నొక్కి పట్టుకుంటే ఆయన నిపుల్ వదులు చేస్తాడు, సీసాలో బుడగలు వస్తాయి, బిగించాక నేను కాలు తీస్తాను. గంటన్నరకి పెడల్ కాలి కింద గట్టిపడింది. క్లాసులో ఎన్ని ప్రోగ్రాములు రన్ అయినా అంత ఆనందం రాలేదు.

మళ్ళీ వెంచర్‌కి వెళ్ళి కొలిచాం. 20 మీటర్లు, సూటిగా. డ్రమ్ములు అవే, బండి అదే, 11 మీటర్లు తగ్గాయి.

ఇక్కడితో ఆపితే ఇది సక్సెస్ స్టోరీ. కానీ ఒకటి మిగిలింది. మా బండిలో నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే హైడ్రాలిక్ లైను. ఇప్పటి కార్లలో రెండు వేర్వేరు లైన్లుంటాయి, ఒకటి పోయినా ఇంకోటి సగం బ్రేకు ఇస్తుంది. మా సిలబస్ భాషలో చెప్పాలంటే మాది సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. మా బడ్జెట్‌లో, సరైన కొలతలో రెండు లైన్ల సిలిండర్ దొరకలేదు. ఆయిల్‌తో సంబంధం లేకుండా పనిచేసేది హ్యాండ్ బ్రేకు ఒక్కటే, అది కూడా వెనక చక్రాలకే. కొత్త కేబుల్ వేయించింది అందుకే.

రెండో లోటు బండిది కాదు. మేం కొలిచిన 20 మీటర్లు కాలు పెడల్ మీద పడ్డాక మొదలైనవి. కంటికి కనిపించి, మెదడుకి తెలిసి, కాలు కదిలేలోపు బండి ఎంత దూరం పోతుంది? గంటకు 50 అంటే సెకనుకి 14 మీటర్లు. కాలు అర సెకను ఆలస్యమైతే 7 మీటర్లు. పాతిక వేలు పెట్టి తగ్గించిన పదకొండులో ఏడు అక్కడే పోతాయి.

ఒకరోజు రాత్రి భోజనాలయ్యాక స్కేలు ఆట ఆడాం. 30 సెంటీమీటర్ల స్కేలుని ఒకరు పైన పట్టుకుని చెప్పకుండా వదలాలి, కింద రెండో మనిషి వేళ్ళతో పట్టుకోవాలి. ఎంత పడ్డాక పట్టుకున్నారో దాన్నిబట్టి స్పందించడానికి పట్టిన టైమ్ తెలుస్తుంది. నేను 18 దగ్గర పట్టుకున్నాను, సుమారు 0.19 సెకన్లు. నాన్న 23. అమ్మ నాకంటే ముందు, 17. తాతయ్య వేళ్ళ మధ్య నుంచి స్కేలు కిందపడింది. మళ్ళీ వదలమన్నాడు. మళ్ళీ పడింది. మూడోసారి ఎవరూ అడగలేదు. నాయనమ్మ స్కేలు తీసి బల్ల మీద పెట్టింది.

ముప్ఫై ఏళ్ళ పైన బస్సు నడిపి, ఒక్క యాక్సిడెంట్ లేకుండా రిటైరైన మనిషికి ఆ మాట ఎవరు చెప్తారు? బ్రేకుల గురించి ఇంటిల్లిపాదీ నెల రోజులు మాట్లాడాం గానీ, కాలి గురించి ఎవరం మాట్లాడలేదు. లైనింగుకీ హోసుకీ రేటు అడగొచ్చు. దీనికి ఎవర్ని అడగాలి?

మర్నాడు పొద్దున తాతయ్యే నన్ను పిలిచాడు. “నీ లైసెన్సు కార్డు వచ్చిందా?”

“మార్చిలోనే వచ్చింది తాతయ్యా.”

“అయితే దోర్నాల దాకా నేను తోల్తా. ఆపైన నువ్వు. పద, గేర్లు నేర్పుతా.”

తర్వాత పది రోజులూ నా ట్యూషన్ అదే. ఎక్కడానికి ఏ గేరు అవసరమో దిగడానికీ అదే గేరు. ఎక్కిలరేటర్ వదిలితే ఇంజనే బండిని పట్టుకుంటుంది, ఆ మేరకు బ్రేకులకి వేడి తగ్గుతుంది. బ్రేకు మీద కాలు ఆనించి పెట్టకూడదు, నొక్కి వేగం తగ్గించి వదిలేయాలి, డ్రమ్ములకి ఊపిరి ఇవ్వాలి. న్యూట్రల్‌లో దింపి డీజిల్ మిగిల్చిన డ్రైవర్ల సంగతులు కూడా చెప్పాడు, కొన్ని అమ్మ వినకుండా. అన్నయ్య వీడియోల్లో ఇవి లేవు. పాతిక వేలల్లో ఒక్క రూపాయి ఖర్చు కాని అప్‌గ్రేడ్ ఇది.

జూన్ రెండో వారంలో వెళ్ళొచ్చాం. రాత్రిళ్ళు అడవి గేట్లు మూసేస్తారు కాబట్టి పగలే బయల్దేరాం. వచ్చేటప్పుడు ఘాట్ అంతా సెకండ్ గేర్లో దించాను. వెనకాల వచ్చిన కార్లన్నీ హారన్ కొట్టి దాటిపోయాయి. తాతయ్య పక్క సీట్లో కూర్చుని రోడ్డు తప్ప ఇంకేమీ చూడలేదు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడి కాలు మ్యాట్ మీద నొక్కుకునేది. చాలాసార్లు నేను నొక్కేది సరిగ్గా అప్పుడే. ఒకట్రెండు సార్లు ఆయనే ముందు నొక్కాడు.

దోర్నాలలో టీ కోసం ఆపాం. తాతయ్య మోకాలు పట్టుకుంటూ దిగి, ఒక్కో చక్రం దగ్గర వంగి, అరచేయి వెనక వైపు డ్రమ్ముకి దగ్గరగా పెట్టి చూశాడు. ఏదైనా ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే అక్కడ షూ పట్టేసినట్టు, ఒకటి చల్లగా ఉంటే అది పనిచేయనట్టు. నాలుగూ చూసి లేచాడు.

“నాలుగూ సమానంగానే ఉన్నాయి” అన్నాడు. తాళాలు అడుగుతాడేమో అని నేను చెయ్యి చాపాను. ఆయన టీ గ్లాసు అందుకుని, ఎడమ వైపు తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.