క్లచ్ పెడల్ కోసం కారు విప్పాను

మన దగ్గర ఆటోమేటిక్ కారు కావాలంటే షోరూంలో అదనంగా డబ్బు కట్టాలి. నేను మాత్రం బాగానే ఉన్న ఆటోమేటిక్‌ని పీకేసి, మాన్యువల్ గేర్‌బాక్స్ బిగించుకోవడానికి రెండున్నర వేల డాలర్లు ఖర్చుపెట్టాను. ‘నీకేమైనా పిచ్చా?’ అని అడగని ఫ్రెండ్ లేడు. అడిగినవాళ్లందరికీ కలిపి ఇదే నా జవాబు.

నేనుండేది డాలస్ దగ్గర ప్లేనోలో. నా కారు లెక్సస్ ఐఎస్300, 2001 మోడల్. వయసులో నాకంటే రెండు మూడేళ్లే చిన్నది. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, వెనక చక్రాలతో నడిచే బండి. అమెరికాలో ఈ మోడల్ మొదటి ఏడాది ఆటోమేటిక్‌తోనే వచ్చింది. 2002 మోడల్ నుంచి ఐదు గేర్ల మాన్యువల్ కూడా ఇచ్చారు. అంటే, నా కారుకి సరిపోయే గేర్‌బాక్స్ లోకంలో ఉంది, నా కారులోనే లేదు. ఇప్పుడు కొత్తది కొందామన్నా, ఈ దేశంలో అమ్ముడయ్యే కొత్త కార్లలో మాన్యువల్ నూటికి రెండు మించడం లేదు.

అసలెందుకు అంటారా? నేను పొద్దున్నుంచి రాత్రిదాకా స్క్రీన్ ముందే ఉంటాను. ఈమధ్య కోడ్‌లో సగం ఏఐ రాసిపెడుతోంది, నేను చదివి ‘ఓకే’ కొడుతున్నాను. పని అవుతోంది కానీ, చేశానన్న తృప్తి లేదు. రోజులో ఒక్కటైనా నా చేత్తో, నా కాలితో జరగాలనిపించింది.

మా టీమ్‌లో రిటైర్మెంట్‌కి దగ్గరపడిన ఒక సీనియర్ ఉన్నారు. వాళ్ల గ్యారేజ్‌లోనే పని మొదలుపెట్టాం. యాక్సిడెంట్ అయిన ఒక మాన్యువల్ కారు నుంచి గేర్‌బాక్స్, పెడళ్లు, డ్రైవ్ షాఫ్ట్, కంప్యూటర్, తాళంచెవులు అన్నీ ఒకే సెట్టుగా కొన్నాను. ఒక్కో పార్టు ఒక్కోచోట వెతకడం కన్నా ఇదే నయం.

‘గేర్‌బాక్స్ మార్చడమంటే ఒకటి తీసి ఇంకొకటి పెట్టడమే కదా’ అనుకుంటాం. కాదు. ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. అందులో ఇంజిన్ ఒకవైపు ఆయిల్‌ని తిప్పితే, ఆ ఆయిల్ రెండోవైపుని తిప్పుతుంది. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే రెండోది తిరిగినట్టు. అందుకే సిగ్నల్ దగ్గర కారు ఆగినా ఇంజిన్ ఆగిపోదు. అదంతా తీసేసి బరువైన ఫ్లైవీల్, దానికి ఆనుకునే క్లచ్ ప్లేటు బిగించాలి. క్రాంక్ షాఫ్ట్ చివర ఒక చిన్న బేరింగ్ కొట్టాలి. చూడ్డానికి బొటనవేలంత ఉంటుంది, మర్చిపోతే మాత్రం మొత్తం మళ్లీ విప్పాల్సిందే. వెడల్పాటి బ్రేక్ పెడల్ తీసేసి, దాని చోట మామూలు బ్రేకు, పక్కన క్లచ్ పెట్టాలి. క్లచ్‌కి ఆయిల్ లైను వేసి, అందులో గాలంతా పోయేదాకా ఒకరు తొక్కుతూ, ఒకరు కింద నట్టు వదులుతూ బిగిస్తూ కూర్చోవాలి. ఐదు వీకెండ్లు పట్టింది.

నాకు బాగా తెలిసిన పని వైర్ల దగ్గర మొదలైంది. ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న సాఫ్ట్‌వేర్ నుంచి ఒక మాడ్యూల్ తీసేస్తే ఏమవుతుందో మాలాంటివాళ్లకి తెలుసు. దానికి సంబంధమే లేదనుకున్నది కూడా ఆగిపోతుంది. ఇక్కడా అంతే. ‘పార్క్‌లో ఉన్నాం, స్టార్ట్ చేసుకో’ అని స్టార్టర్‌కి చెప్పేది ఆటోమేటిక్ గేర్‌బాక్సే. అది పోయింది కాబట్టి ఆ బాధ్యత క్లచ్ పెడల్ స్విచ్‌కి అప్పజెప్పాం. రివర్స్ లైట్లకి సిగ్నల్ ఇచ్చేదీ అదే. వాటి వైర్లని కొత్త గేర్‌బాక్స్ మీదున్న స్విచ్‌కి కలిపాం. ఈ కారులో ఇంజిన్‌నీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌నీ చూసుకునే కంప్యూటర్ ఒకటే. దాన్ని అలాగే ఉంచితే ‘నా గేర్‌బాక్స్ ఏది?’ అని డాష్‌బోర్డ్ మీద లైటు వెలిగిస్తూనే ఉంటుంది. అందుకే మాన్యువల్ కారు కంప్యూటర్ పెట్టాం. అది తన తాళంచెవిని తప్ప ఇంకోదాన్ని నమ్మదు, అందుకే చెవులు కూడా కొన్నది. చివరగా, ‘పి’లో పెడితే చక్రాలు కదలకుండా పట్టుకునే కొక్కెం మాన్యువల్‌లో ఉండదు. అన్నాళ్లూ పెద్దగా వాడని హ్యాండ్ బ్రేక్‌ని రిపేర్ చేశాకే కారు బయటికి తీశాం.

ఇది చదివి హైదరాబాద్‌లో ఎవరైనా పానా పట్టుకునేముందు ఒక మాట. మన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదు. ముందు ఆర్‌టీఓ ఆఫీసులో అడగండి.

పని సగంలో ఉండగా ఖమ్మం ఫోన్ చేసి నాన్నకి వీడియోలో చూపించాను. నాన్న ముప్పయ్యేళ్లు లారీ నడిపాడు. ఖమ్మంలో మిర్చి లోడెత్తితే చెన్నై దాకా ఆయనదే స్టీరింగ్. గ్యారేజ్ నేలమీద పరిచిన సామాన్లన్నీ పేరుపేరునా గుర్తుపట్టాడు. తర్వాత అడిగాడు.

“ఏమైందిరా పాత గేర్‌బాక్స్‌కి?”

“ఏం కాలేదు నాన్నా, బాగానే ఉంది.”

“మరెందుకు తీశావు?”

“క్లచ్ ఉంటే నడపడం బాగుంటుంది కదా.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నవ్వాడు. “అదే క్లచ్ తొక్కీ తొక్కీ నా ఎడమ మోకాలు అరిగిపోయిందిరా. నువ్వు డబ్బులిచ్చి తొక్కుతానంటున్నావు.”

ఆయన ఎగతాళి చేయలేదు, ఉన్నమాట అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రంతా అదే మాట చెవిలో ఉండిపోయింది. సంతల దగ్గర, రైల్వే గేట్ల దగ్గర, ఘాట్ రోడ్లలో ఆయన రోజుకి ఎన్ని వందలసార్లు ఆ పెడల్ తొక్కి ఉంటాడు? నాకు ఆదివారం సరదా అయినది ఆయనకి ముప్పయ్యేళ్ల పని. నేను తీసి గ్యారేజ్ మూల పడేసిన ఆ ఇనుప డబ్బా, అలాంటి కాళ్లకి విశ్రాంతి ఇస్తుంది.

అలాగని నేను చేసిన పని మీద నాకు ఇష్టం తగ్గలేదు. మొదటిసారి సెకండ్ నుంచి థర్డ్‌కి గేరు మెత్తగా పడినప్పుడు కలిగిన ఆనందం, ఏ రిలీజ్ రోజూ ఆఫీసులో కలగలేదు. సాయంత్రం 75 హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని పది నిమిషాలకి వందసార్లు క్లచ్ తొక్కుతుంటే కాలు లాగుతుంది, నిజమే. అప్పుడు నాన్న గుర్తొస్తాడు. నా ప్రయాణం అరగంటలో అయిపోతుంది. విసుగొస్తే రేపు బస్సెక్కుతాను. ఆయనకి ఆ వీలు లేదు. ఏ పని మన చేత్తో చేసుకోవాలి, ఏది యంత్రానికి వదలాలి అనేదానికి నాకిప్పుడు ఒకటే లెక్క. వద్దనుకున్న రోజు మానేయగలిగితే అది సరదా. మానేయలేకపోతే, దాన్ని తేలిక చేసే యంత్రం రావాల్సిందే.

అందుకే పోయిన నెల ఖమ్మంలో నాన్నకి సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న ఏఎంటీ కారు కొనిపించాను. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గరికొచ్చిన పద్ధతి అది. లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మాత్రం ఒక చిన్న యంత్రం చూసుకుంటుంది. నేనిక్కడ పీకేసిన సౌకర్యాన్నే అక్కడ డబ్బిచ్చి కొన్నానన్నమాట.

‘ఈ వయసులో నాకు కొత్త బండి నేర్పిస్తావా’ అని వారం రోజులు గొణిగాడట. మొన్న అమ్మని వెనక కూర్చోబెట్టుకుని భద్రాచలం వెళ్లొచ్చాడు. ఎలా ఉంది నాన్నా అంటే, “బండి బాగానే ఉందిరా. ఎడమకాలే ఊరుకోవడం లేదు, దారి పొడుగునా క్లచ్ వెతుక్కుంటోంది” అన్నాడు.