రాగి బిందె - మూడు నత్తలు

ఆడపిల్లను పంపేటప్పుడు తల్లి అప్పగింతలు పెట్టడం లోకంలో ఉన్న ఆచారం. మా ఇంట్లో మాత్రం ఇంజనీరింగు చదువుకని వరంగల్ వెళ్తూ మా అమ్మాయే నాకు అప్పగింతలు పెట్టింది. అప్పగించిన సొత్తు ఏమిటంటారా? మూడు నత్తలు!

చేపల తొట్టి మా ఇంట్లో నాలుగేళ్ళుగా ఉంది. అందులోకి పోయినేడు పుట్టినరోజుకి బంగారు రంగు నత్తలు మూడు వచ్చి చేరాయి. నిమ్మకాయంత ఉంటాయి. అద్దం మీద పాకుతుంటే చూస్తూ కూర్చోవచ్చు. "అమ్మా, వాటికి పెద్ద పనేం ఉండదు. నీళ్ళూ, తిండీ చూసుకో చాలు" అని ఆటో ఎక్కింది పిల్ల.

నీళ్ళూ తిండీ చూడడం నాకు కొత్తా? పాతికేళ్ళుగా చేస్తున్న ఉద్యోగం అదేగా!

అదీ నా ధీమా. ఇంట్లో శ్రేష్ఠమైన నీళ్ళంటే ఫిల్టరు నీళ్ళే కదా అని, మనం తాగే ఆర్.ఓ. నీళ్ళనే వారం వారం తొట్టిలో మార్చేదాన్ని. రెండు నెలలు తిరిగేసరికి నత్తల గుల్లల మీద తెల్లటి మచ్చలు, ఆ మచ్చల్లో చిన్న చిన్న గుంటలు! చేపల కొట్టు కుర్రాడు ఫోటో చూసి, "నత్త గుల్లంతా సున్నపు పదార్థమే అమ్మా. ఆ ఫిల్టరు నీళ్ళలోంచి సున్నం మొత్తం తీసేస్తుంది. ఇక గుల్ల దేంతో కట్టుకుంటుంది?" అన్నాడు.

వంటింట్లో కడప బండ మీద నిమ్మరసం ఒలికితే మరక పడుతుందే, సరిగ్గా అదేనన్నమాట! కడప బండా సున్నపు రాయే. నీటిలో ఆమ్లగుణం పెరిగితే గుల్ల కరిగిపోతుంది. పి.హెచ్. 7కు తగ్గకూడదనీ, 7.5 ఆ ప్రాంతంలో ఉంటే హాయిగా ఉంటాయనీ అప్పుడు తెలిసింది. కుళాయి నీళ్ళే నయం. అయితే వాటిలో క్లోరిన్ ఉంటుంది కనుక ఒక రోజు మూత పెట్టకుండా నిలవ ఉంచి పొయ్యమన్నాడు.

ఈ సంభాషణ అంతా విన్న మా అత్తగారు, "దానికింత రభస దేనికి? నా తాంబూలంలో సున్నం చిటికెడు వెయ్యరాదూ?" అన్నారు. వెయ్యకూడదండీ! ఆ సున్నం పడితే నీటి గుణం ఒక్కసారిగా మారిపోయి నత్తలేం ఖర్మ, చేపలు కూడా తేలిపోతాయి. నిదానంగా కరిగేది కావాలి. కొట్టతను సముద్రపు నురుగు ముక్క ఒకటి ఇచ్చాడు. "ఓ, ఇదా! మా చిన్నప్పుడు మందుల్లో వాడేవాళ్ళు" అని అత్తగారు సంతోషించారు. అది నురుగు కాదు, సముద్రంలో ఒక జీవి లోపలి గుల్ల అని ఆవిడకు ఇంతవరకూ చెప్పలేదు. మీరూ చెప్పకండి.

తిండి విషయంలోనూ నాది పొరపాటే. అద్దానికి పట్టిన పాచి తిని బతికేస్తాయనుకున్నాను. శుభ్రంగా ఉన్న తొట్టిలో ఆ పాచి వాటికి ఏ మూలకూ చాలదు. బీరకాయ, దోసకాయ, బీన్స్... ఏదో ఒకటి రెండు ముక్కలు, ఉప్పు వెయ్యకుండా మెత్తగా ఉడికించి, చల్లార్చి వెయ్యాలి. మిగిలింది మర్నాటికల్లా తీసెయ్యాలి. లేకపోతే కుళ్ళి నీళ్ళు విషమవుతాయి. "నాకు ఉప్పు తక్కువైతే మాత్రం డాక్టరు చెప్పాడంటావు, వాటికి స్పెషల్ వంటా?" అని మా వారి సణుగుడు.

అంతా చక్కబడిందనుకున్నాను. కుళాయి నీళ్ళు రాత్రంతా నిలవ ఉంచాలి కదా, ఏ పాత్రలో? చింతపండుతో తళతళలాడేలా తోమిన అత్తగారి రాగి బిందెలో! రాగి పాత్ర నీళ్ళు ఆరోగ్యమని ఆవిడ రోజూ చెప్పే మాటేగా. వారానికో బిందెడు, అంటే తొట్టిలో నాలుగో వంతు నీళ్ళు మార్చేదాన్ని.

మూడో వారంలో పెద్ద నత్త తలుపు మూసుకుని అడుగున పడిపోయింది. మిగతా రెండూ నీటి పైకి ఎగబాకి కదలడం మానేశాయి. రెండో రోజుకి పెద్దదాన్ని చేతిలోకి తీసుకుంటే ఒకటే వాసన. నత్త పోయిందో లేదో చెప్పేది ఆ వాసనేనట.

కొట్టు కుర్రాడు అన్నీ అడిగి చివరికి, "నీళ్ళు దేంట్లో పట్టారు?" అన్నాడు. చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. "అమ్మా, నత్తలకు రాగి విషం" అన్నాడు. చేపలకు వేసే కొన్ని మందుల్లోనూ రాగి ఉంటుందిట, అవీ ప్రమాదమేనట. విచిత్రమేమిటంటే, ఈ నత్తల నెత్తుట్లో ప్రాణవాయువును మోసేదాంట్లో ఉండేదీ రాగే! కానీ నీళ్ళలో రవ్వంత ఎక్కువైతే తట్టుకోలేవు.

"నలభై ఏళ్ళుగా తాగుతున్నాను, నేను చావలేదే?" అన్నారు అత్తగారు కోపంగా. ఆ సాయంత్రం మాత్రం ఆవిడే ప్లాస్టిక్ బకెట్టు కడిగి కుళాయి కింద పెట్టారు. రోజూ కొంచెం కొంచెంగా నీళ్ళు మారిస్తే, నాలుగో రోజుకి మిగిలిన రెండూ బీరకాయ ముక్క దగ్గరికి చేరాయి.

ఇక అమ్మాయికి చెప్పడం ఎలా? రోజూ ఫోన్లో "నత్తలెలా ఉన్నాయమ్మా?" అంటుంది. "మూడూ బాగున్నాయి" అనేదాన్ని. నోరు తిరగక కాదు, మనసొప్పక. అబద్ధం రెండు వారాలు నడిచింది. ఆదివారం వీడియో కాల్‌లో తొట్టి చూపించమంది. "ఒకటీ, రెండూ..." అని లెక్కపెట్టి ఆగిపోయింది.

ఉన్నదంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కాసేపు ఊరుకుని, "అమ్మా, నేనూ ఒకటి చెప్పాలి. పోయిన వారం నాకు నాలుగు రోజులు జ్వరం. నువ్వు కంగారుపడతావని బాగున్నానన్నాను. నువ్వు పంపిన ఆవకాయ కడుపులో మంటగా ఉందని రూమ్‌మేట్లకు ఇచ్చేశాను" అంది.

తల్లీకూతుళ్ళం ఇద్దరం రెండు వారాలుగా ఒకళ్ళకొకళ్ళం "బాగున్నాం" అని చెప్పుకుంటూనే ఉన్నాం!

పాపం నత్తకు ఆ అబద్ధం చెప్పే నోరు లేదు. దాని గుల్ల చూడాలి, నీళ్ళు చూడాలి, పెట్టిన ముక్క తిన్నదో లేదో చూడాలి. అందుకే ఇప్పుడు ఫోన్లో "బాగున్నావా?" అని అడగడం మానేశాను. "హాస్టల్లో నీళ్ళెలా ఉంటున్నాయి? రాత్రి ఏం తిన్నావ్? ఎంత తిన్నావ్?" అని అడుగుతున్నాను.

"అమ్మా, నన్ను కూడా తొట్టిలో వేశావా?" అని నవ్వుతుంది. నవ్వనీండి. జవాబు మాత్రం చెబుతోంది.