క్రోమ్‌ల ఓపెన్ జేయుండ్రి సార్

తార్నాకలో ఇల్లు మారడానికి ఒక ట్రాలీ ఆటో చాలు. ఎన్‌సీసీ గేటు వైపు గదుల్లో ఉండే ఉస్మానియా యూనివర్సిటీ పిల్లలకు అదీ అక్కర్లేదు. పరుపు, బకెట్, పుస్తకాల సంచీ స్నేహితుడి బండి మీదే వెళ్లిపోతాయి. బ్రౌజర్ మారడం అంతకంటే తేలిక. కొత్తది వేసుకోగానే అదే అడుగుతుంది, పాతదాంట్లో ఉన్న బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, హిస్టరీ తెచ్చుకోమంటారా అని. సరేనంటే చాయ్ చల్లారేలోపు సామానంతా వచ్చి కూర్చుంటుంది. అడ్వాన్సు లేదు, ఖాళీ చేసేటప్పుడు రంగులు వేయించమనే ఓనరూ లేడు. అయినా మా వీధిలో ఏటా ఇళ్లు మారేవాళ్లు కనిపిస్తారు గానీ, బ్రౌజర్ మారానని చెప్పిన మనిషి ఇంతవరకు తగల్లేదు.

నేను మారాను. ప్రకటనల పోరు పడలేక. క్రోమ్‌లో ప్రకటనలను ఆపడానికి చాలామంది వాడుకున్న యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్, మానిఫెస్ట్ వీ3 అనే కొత్త నిబంధనల వల్ల 2024 నుంచి దశలవారీగా పనికిరాకుండా పోయింది. పాత పద్ధతిలో పేజీ ఏ ఫైలు కోసం కబురు పంపినా ఎక్స్‌టెన్షన్ దాన్ని ఆపి, చూసి, అక్కడికక్కడ నిర్ణయం తీసుకునేది. కొత్త పద్ధతిలో ఏమేం ఆపాలో ముందే జాబితా రాసి బ్రౌజర్ చేతికివ్వాలి. ఆ తర్వాత పని బ్రౌజర్‌ది. భద్రత కోసం, వేగం కోసం ఈ మార్పు అని గూగుల్ చెబుతుంది. అందులో నిజం లేకపోలేదు. మనం చదివే ప్రతి పేజీనీ చూడగలిగే ఎక్స్‌టెన్షన్ చెడ్డవాళ్ల చేతిలో పడితే కొంప మునుగుతుంది. కాకపోతే గూగుల్ రాబడిలో పెద్ద వాటా ప్రకటనలదే అన్న సంగతి కూడా పక్కనే పెట్టుకుని ఆ మాట వినాలి.

తెలుగులో వార్త చదివేవాళ్లకు ఇదేమీ చిన్న విషయం కాదు. రెండు పేరాల వార్త పూర్తయ్యేలోపు యాదగిరిగుట్ట దగ్గర ప్లాట్లు, మోకాళ్ల నొప్పుల తైలం, నెల రోజుల్లో ఇంగ్లిష్ అన్నీ దాటుకుంటూ రావాలి. దాటేటప్పుడు వేలు జారిందా, ప్లాటు బుక్ చేసే పేజీలో తేలతాం. ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతినీ ఉండనిచ్చింది. కాబట్టి ఫైర్‌ఫాక్స్‌కి వెళ్లాను. వెళ్లానంటే, మళ్లీ వెళ్లానన్నమాట.

మా తరం తెలుగు చదువరులకు బ్రౌజర్ మారడం కొత్త కాదు. అప్పట్లో అక్షరాల కోసం మారేవాళ్లం. 2001లో విండోస్ ఎక్స్‌పీ, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చాయి. ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉండేది గానీ, తెలుగు సరిగా కనబడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి కాంప్లెక్స్ స్క్రిప్టుల దగ్గర టిక్ పెట్టాలి. పెట్టగానే కంప్యూటర్ విండోస్ సీడీ అడుగుతుంది. తార్నాక చౌరస్తా చుట్టుపక్కల ఇంటర్నెట్ సెంటర్లలో ఆ సీడీ అడిగితే ఓనర్ మనల్ని పోలీసుల మనిషిని చూసినట్టు చూసేవాడు. సీడీ లేకపోతే వత్తులు కిందికి దిగేవి కావు, అక్షరం పక్కన వరసగా నిలబడేవి. అలాగే చదివేవాళ్లం. చదివి అర్థం చేసుకునేవాళ్లం కూడా.

పత్రికల సైట్లది ఇంకో కథ. ఈనాడు వంటివి యూనికోడ్‌లో కాకుండా సొంత ఫాంటులో ఉండేవి. ఆ ఫాంటు దానంతటదే దిగే ఏర్పాటు ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే పనిచేసేది. వేరే బ్రౌజర్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కలు, డాలరు గుర్తులు. పైగా ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించిన వార్తను కాపీ చేసి ఉత్తరంలో పెట్టినా అదే గోల. ఆ రోజుల్లో ప్రపంచంలో నూటికి తొంభైమందికి పైగా ఎక్స్‌ప్లోరరే వాడేవారు కాబట్టి, సైటు కట్టినవాళ్లకు ఇది లోపంగా తోచలేదు. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది. తర్వాత ‘పద్మ’ అని ఒక ఎక్స్‌టెన్షన్ వచ్చింది. పత్రికల సొంత ఫాంట్లను అది అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. వార్తను వెతకొచ్చు, దాచుకోవచ్చు, ఇంకొకరికి పంపొచ్చు. వేగం, భద్రత అని పండితులు చెప్పిన కారణాలన్నీ ఒక ఎత్తు, పద్మ ఒక్కటీ ఒక ఎత్తు. తెలుగువాళ్లలో కొందరు ఫైర్‌ఫాక్స్‌లో కాలు పెట్టింది దానికోసమే.

హాస్టళ్లలో పిల్లలకు కంప్యూటర్ ఎక్కడిది? వాళ్ల దగ్గర నోకియా ఫోను, అందులో ఒపేరా మినీ. నార్వే కంపెనీ చేసిన ఈ బ్రౌజర్ పేజీని ముందు తన సర్వర్లలో కుదించి, చిన్న పొట్లం చేసి ఫోనుకు పంపేది. చిన్న రీచార్జ్‌తో నెలంతా గడిచేది. ఫోనులో తెలుగు ఫాంటు లేదు కాబట్టి డబ్బాలు కనిపించేవి. దానికో కిటుకు ఉండేది. అడ్రస్ రాసేచోట ఒపేరా కోలన్ కాన్ఫిగ్ అని కొట్టి, దిగువకు వెళ్లి, కాంప్లెక్స్ స్క్రిప్టులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలన్న చోట యెస్ పెట్టాలి. అంతే, తెలుగంతా బొమ్మలుగా మారి వచ్చేది. ఈ కిటుకు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ఒక అన్న ఇంకో తమ్ముడికి చెప్పగా పాకింది. 2009 నవంబరు చివర్లో తెలంగాణ కోసం కేసీఆర్ నిరాహార దీక్ష మొదలైనప్పటి నుంచి డిసెంబరు 9 రాత్రి చిదంబరం ప్రకటన దాకా క్యాంపస్ నిద్రపోలేదు. అలాంటి రోజుల్లో టీవీ ముందు చోటు దొరకనివాడికి వార్త అందించింది ఆ గోరంత తెర మీది బొమ్మల తెలుగే.

ఇప్పుడు ఈ బాధలేవీ లేవు. క్రోమ్ అయినా ఫైర్‌ఫాక్స్ అయినా అక్షరాలు పేర్చడానికి హార్ఫ్‌బజ్ అనే ఒకే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను వాడుకుంటాయి. వత్తు రెండింటిలోనూ ఒక్క తీరుగానే దిగుతుంది. ఆ మధ్య 2018 ఫిబ్రవరిలో మాత్రం ‘జ్ఞా’కు దగ్గరి కూర్పు ఒకటి, మధ్యలో కంటికి కనపడని ఒక సంకేతంతో వచ్చి, ఐఫోన్లను గడగడలాడించింది. ఆ అక్షరం మెసేజిలో వస్తే చాలు, యాప్ కుప్పకూలేది. లోపం ఆపిల్ అక్షరాలు పేర్చే పద్ధతిలో ఉంది కాబట్టి ఏ బ్రౌజర్‌కు పారిపోయినా లాభం లేకపోయింది. ఆ నెల 19న ఆపిల్ సవరించిన ఐఓఎస్ ఇచ్చాకే ఊపిరి ఆడింది. తెలుగు అక్షరానికి అంత బలముందని ప్రపంచానికి తెలిసిన సందర్భం అదొక్కటే కావడం మన ఖర్మ.

అక్షరాల బెడద తీరాక మరి దేన్ని చూసి బ్రౌజర్‌ను ఎంచుకోవాలి? పేర్లు చాలా ఉన్నాయి. ఎడ్జ్, ఒపేరా, బ్రేవ్, వివాల్డి. వేసుకుని చూశాను. లోపల ఇంజను అన్నింటిదీ ఒకటే, క్రోమ్‌ది. ఒపేరా తన సొంత ఇంజనును 2013లో వదిలేసింది. మైక్రోసాఫ్ట్ కూడా 2020లో ఎడ్జ్‌ను అదే ఇంజను మీదికి మార్చింది. బ్రేవ్‌లో ప్రకటనలు ఆపే పని పుట్టుకతోనే ఉంది, అది బాగుంది. పక్కనే క్రిప్టో పర్సు కూడా ఎందుకు చూపిస్తుందో అర్థం కాదు. వివాల్డిలో మార్చుకోగలిగిన మీటలు ఎన్నంటే, మీటలు మార్చుకోవడంలోనే ఆదివారం గడిచిపోతుంది. కేంద్ర ప్రభుత్వం స్వదేశీ బ్రౌజర్ కోసం 2023లో పోటీ పెట్టింది. 2025 మార్చిలో జోహో వాళ్ల ‘ఉలా’ మొదటి బహుమతి కోటి రూపాయలు గెలుచుకుంది. మన దేశపు డిజిటల్ సంతకాల అధికారి ధ్రువపత్రాన్ని బ్రౌజర్ నేరుగా నమ్మాలన్నది ఆ పోటీలో ఒక ఉద్దేశం. ఆ ఉద్దేశం మంచిదే. ఇంజను మాత్రం అక్కడా గూగుల్‌దే. ఆపిల్ సఫారీని పక్కన పెడితే, వేరే ఇంజనుతో నిలబడిన పెద్ద బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ ఒక్కటే. దాని వాటా ఇప్పుడు ప్రపంచంలో నూటికి మూడు కూడా ఉండదు. ఆ ఫైర్‌ఫాక్స్ ఇల్లు గడిచేది కూడా ప్రధానంగా గూగుల్ ఇచ్చే సొమ్ముతోనే, తమ సెర్చ్‌ను ముందుంచినందుకు. కాబట్టి ఫైర్‌ఫాక్స్‌కి మారి గూగుల్‌ను వదిలించుకున్నానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది.

ఎడ్జ్‌ను మాత్రం తీసెయ్యలేదు. తెలుగు పేజీని పైకి చదివి వినిపించే పనిలో అది మిగతావాటి కంటే మెరుగు. మోహన్, శ్రుతి అని రెండు గొంతులున్నాయి. మోహన్ వార్తలు బాగా చదువుతాడు; కథ ఇస్తే మాత్రం చావు దగ్గర, చమత్కారం దగ్గర ఒకే స్వరం. కళ్లు అలిసిన సాయంత్రం అదైనా మేలు.

అయితే నాకు కావలసిన పుస్తకాలు చాలావరకు మోహన్ చదవలేడు. అవి స్కాన్ బొమ్మలు. ఉస్మానియా లైబ్రరీ మా ఇంటికి నడక దూరం. అందులోని పాత తెలుగు పుస్తకాలను నేనెక్కువగా చదివింది తెర మీదే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పనిచేసి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయించాలని పెద్ద పథకం వేశారు. ఆ పథకంలో ఉస్మానియా అల్మారాలూ దుమ్ము దులుపుకున్నాయి. మొదట్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటులో ఒక్కో పేజీ ఒక్కో టిఫ్ బొమ్మగా ఉండేది. దాన్ని చూడటానికి బ్రౌజర్‌లో వేరే ప్లగిన్ వేసుకోవాలి. ఒక పేజీ తెరుచుకునేలోపు ముందు పేజీలో ఏం చదివామో మర్చిపోయేవాళ్లం. ఇప్పుడవి ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి. వాటిలో చాలావాటికి ముందు ఓయూ అని మొదలయ్యే నంబరు ఉన్న పేజీ, ఆ వెనక ఉస్మానియా లైబ్రరీ చీటీ ఉంటాయి: ఫలానా తేదీలోపు పుస్తకం వాపసు చేయవలెనని. డాలస్‌లో కూర్చుని చదువుకునే తెలుగాయన కూడా ముందు ఆ హెచ్చరిక చూసే లోపలికి వెళ్లాలి.

పీడీఎఫ్‌ను బ్రౌజర్ తనంతట తానే తెరవడం ఫైర్‌ఫాక్స్‌లో 2013 నుంచి ఉంది. నాలుగొందల పేజీల స్కాన్‌ను గబగబా తిప్పాలంటే మాత్రం క్రోమ్, ఎడ్జ్‌లదే చురుకు. నెమ్మదిగా చదివేవాడికి ఆ తేడా తెలియదు. నేను నెమ్మదిగానే చదువుతాను.

చదువు వరకు ఇలా నాకు నచ్చినచోటికి మారగలను. దరఖాస్తు దగ్గరే ఆట కట్టు. ఒక సైటులో ఫారం నింపి, ఫోటో ఎక్కించి, కడపటి మీట నొక్కితే ఏమీ జరగదు. ఎర్ర అక్షరం రాదు, సారీ అనదు, ఊరికే ఉంటుంది. జిరాక్స్ షాపాయన తల కూడా ఎత్తకుండా అంటాడు: “క్రోమ్‌ల ఓపెన్ జేయుండ్రి సార్.” క్రోమ్‌లో తెరిస్తే అవుతుంది. ఇరవై ఏళ్ల క్రితం ఇదే మాట ఎక్స్‌ప్లోరర్ గురించి విన్నాం. అప్పుడు డిజిటల్ సంతకం ఎక్కాలంటే చాలాచోట్ల యాక్టివ్ఎక్స్ కావాలి, అది ఎక్స్‌ప్లోరర్‌లోనే ఉండేది. 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ప్లోరర్‌ను సాగనంపింది గానీ ఆ గద్దె అలాగే ఉంది, కూర్చున్నవాడు మారాడు. సైటు కట్టేవాడు అందరూ వాడేదాంట్లో ఒక్కసారి పరీక్షించి చేతులు దులుపుకుంటాడు. అందులోనే పనిచేస్తుంది కాబట్టి అందరూ దాన్నే వాడతారు. మన పోటీ నియంత్రణ కమిషన్ ఆండ్రాయిడ్ వ్యవహారంలో 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337 కోట్లకు పైగా జరిమానా వేసింది. ఫోను కొన్నప్పుడే క్రోమ్, సెర్చ్ అందులో తిష్ఠవేసి ఉండటం ఆ కేసులో ఒక ముఖ్యాంశం. జరిమానా సంగతి జిరాక్స్ షాపాయనకు తెలుసో లేదో. తెలిసినా ఆయన చెప్పే మాట మారదు, ఎందుకంటే దరఖాస్తుకు గడువు ఈరోజు రాత్రి పన్నెండు.

అందుకని క్రోమ్‌ను నేనూ పూర్తిగా తీసెయ్యలేదు. చదువుకు ఫైర్‌ఫాక్స్, చెవికి ఎడ్జ్, దరఖాస్తులకు, డబ్బు కట్టడానికి క్రోమ్. ఫోనులో మాత్రం ఏ సందేహమూ లేదు. ఆండ్రాయిడ్ ఫోను మీద క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లే ఉండవు, ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ వేసుకోవచ్చు. మా పైవాటాలో ఉండే పీహెచ్‌డీ అమ్మాయికి ఈ మాట చెబితే, “మంచిదే గని సార్, నా పాస్‌వర్డులన్నీ గూగుల్‌లనే ఉన్నయి, అవెట్ల ఒస్తయి?” అంది. అందరినీ ఆపుతున్న ప్రశ్న ఇదే. జవాబు సులువు: క్రోమ్ సెట్టింగుల్లో పాస్‌వర్డులను సీఎస్‌వీ ఫైలుగా తీసుకునే వీలుంది, ఫైర్‌ఫాక్స్ దాన్ని లోపలికి తీసుకుంటుంది. ఒక్క జాగ్రత్త. ఆ ఫైలులో పాస్‌వర్డులన్నీ ఏ తాళమూ లేకుండా పచ్చిగా, చదవగలిగేలా ఉంటాయి. పని కాగానే దాన్ని చెరిపి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసెయ్యాలి. ముఖ్యంగా ఆ పని జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో చెయ్యకూడదు. అక్కడ డౌన్‌లోడ్స్ తెరిస్తే ఇప్పటికే సగం తార్నాక ఆధార్ కార్డులు, హాల్‌టికెట్లు, ఒకరిద్దరి పెళ్లి బయోడేటాలు ఉంటాయి. పాస్‌వర్డ్ దాచమంటారా అని బ్రౌజర్ అడిగినప్పుడల్లా తొందరలో అందరూ యెస్సే కొట్టి ఉంటారు.