గేటు కింద జానెడు సందు

మీ ఇంట్లోనూ ఓ అల్లరి కుక్కపిల్ల ఉందా? అయితే నా అనుభవం కాస్త వినండి.

మా బంటిగాడు జాక్ రసెల్ టెర్రియర్. మా అబ్బాయి పోరు పడలేక తెచ్చుకున్నాం. చూడ్డానికి ఇంతే ఉంటాడు గానీ, క్షణం కుదురుగా ఉండడు.

ఓ రోజు పొద్దున్నే మొక్కలకి నీళ్లు పోస్తూ చూస్తే వాడు కనిపించలేదు. "అత్తయ్యా, గేటు తీసి వదిలేశారా?" అని గట్టిగానే అనేశాను. ఆవిడ మారు మాట్లాడకుండా, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తారు. మూడు వీధుల అవతల, ఆటో చక్రం పక్కనుంచి వాణ్ణి ఎత్తుకొచ్చింది కూడా ఆవిడే. తీరా చూస్తే గేటు గొళ్లెం వేసినట్టే ఉంది. దాని కింద మట్టి తవ్వి ఉంది. ఆ సందు నేను వారం రోజులుగా చూస్తూనే ఉన్నాను!

పశువుల డాక్టరుగారు విని నవ్వారు. "టెర్రా అంటే లాటిన్‌లో నేల. బొరియల్లో దాక్కున్న నక్కల్ని బయటికి తరమడానికి ఇంగ్లండులో పెంచిన జాతమ్మా ఇది. తవ్వడం వాడి పుట్టుబుద్ధి" అన్నారు.

ఆ సాయంత్రమే గేటు కింద సిమెంటు వేయించాం. ప్రహరీ వెంట మట్టిలోకి అడుగు లోతున ఇనుప జాలీ పాతించాం. ఎక్కి దూకుతాడని గోడ పక్కన పూలకుండీలు జరిపేశాం. గొలుసుతో రోజంతా కట్టేస్తే మొండికేస్తాడు గనుక, పెరట్లో ఓ మూల ఇసక పోసి అందులో బంతి దాచిపెడతాం. తవ్వుకోవడం వాడి ఇష్టం!

బయటికి తీసుకెళ్లేటప్పుడు మెడపట్టీకి కాకుండా ఛాతీకి కట్టే పట్టీకి తాడు వేయండి. మెడపట్టీ అయితే తల వెనక్కి లాగి జారిపోతారు. మెడపట్టీ మీద మీ ఫోన్ నంబరు మాత్రం ఉండాలి. ఎండాకాలంలో రోడ్డు మీద అరచెయ్యి ఆనించి చూడండి. మీకు కాలితే వాడి కాళ్లకీ కాలుతుంది. ఉల్లిపాయలు, కిస్మిస్, చాక్లెట్లు అందనివ్వకండి, అవి కుక్కలకు విషం. రేబిస్ టీకా ఏ ఏడాదీ మరిచిపోవద్దు.

ఇవన్నీ ఒక్క వారంలో చేసేశాను గానీ, అత్తయ్యగారిని క్షమించమని అడగడానికి మాత్రం నోరు రాలేదు. చివరికి ఓ రాత్రి అడిగేశాను. "దానికేముందే, ముందు వాడికి అన్నం పెట్టు" అన్నారావిడ.

మీరూ ఇవాళే ఓసారి మీ గేటు కింద వంగి చూడండి. ఎవరినైనా ఓ మాట అనే ముందు!