చంకకర్రలతో గుణదలకు

ఫిబ్రవరి 9, 10, 11 తేదీలు తప్ప ఏ రోజైనా సరే అన్నాను నేను. గుణదల మాత తిరునాళ్లకి లక్షల మంది వస్తారు. ఆ తోపులాటలో చంకకర్రలతో నిలబడడం అయ్యే పని కాదు. అందుకని జనం పల్చగా ఉండే మామూలు రోజు, పొద్దున్నే అనుకున్నాం.

మేం ఐదుగురం. ఫిజియోథెరపీ గదిలో పరిచయమైనవాళ్లం. నాకు మోకాలి కింద ఎముక విరిగింది. ఒకరికి తుంటి, ఒకరికి మణికట్టు, ఒకరికి నడుము. ఐదో ఆయన తాటిచెట్టు మీంచి పడి వెన్ను దెబ్బతిన్న మనిషి. చక్రాల కుర్చీలో ఉంటాడు. అందరం బాబాయి అంటాం. "మీరెళ్లి రండమ్మా, నేను కింద సంచులకి కాపలా ఉంటాలే" అన్నాడు. ఆస్పత్రికి తప్ప గడప దాటక రెండేళ్లయిందని వాళ్లావిడ చెప్తేగాని మాకు తెలియలేదు.

ఆ మాటతో మా ఏర్పాటంతా మారిపోయింది. కొండ మీది సిలువ దాకా మెట్లెక్కడం మానేశాం. బాబాయి కుర్చీ ఎంతవరకు వెళ్తే అంతవరకే అందరం. మా తమ్ముణ్ణి ముందురోజు పంపించాను: ఆటో ఎక్కడిదాకా వస్తుంది, నీడ ఎక్కడుంది, మరుగుదొడ్డి తలుపు వెడల్పెంత? టేపు పెట్టి కొలవమంటే నవ్వాడు గాని, కొలిచే వచ్చాడు.

మరుగుదొడ్డి సంగతి ఎత్తడానికి మనవాళ్లకి మహా సిగ్గు. దారిలో ఇబ్బందని నీళ్లు తాగడం మానేస్తారు. వెన్ను దెబ్బతిన్నవాళ్లకి మూత్రంలో ఇన్ఫెక్షన్ తేలిగ్గా వస్తుంది. డాక్టరు వద్దంటే తప్ప నీళ్లు తగ్గించకూడదు. స్పర్శ లేనిచోట నొప్పీ తెలియదు, కాలినా తెలియదు. అందుకే ఒళ్లో వేడి టీ గ్లాసు పెట్టుకోనివ్వకండి. పావుగంటకో అరగంటకో ఒకసారి పక్కకి ఒరిగి బరువు మార్చుకోవాలి. దానికి మణికట్టు కట్టు అమ్మాయే గడియారం చూసేది. ఆ ఉద్యోగం ఆమెకి భలే నచ్చింది.

చంకకర్రలవాళ్లకి రెండు మాటలు. మెట్టెక్కేటప్పుడు మంచికాలు ముందు. దిగేటప్పుడు కర్రలు, దెబ్బకాలు ముందు. కర్రల అడుగు రబ్బరు అరిగిందేమో ఇంట్లోనే చూసుకోండి. సిమెంటు కట్టున్న కాలి వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి ఎక్కువవుతున్నా ప్రయాణం ఆపి డాక్టరు దగ్గరికే.

గుణదలలో ఉన్నది లూర్దు మాత. ఫ్రాన్సులోని ఆ లూర్దులో రోగుల్ని చక్రాల బండ్లలో స్వచ్ఛంద సేవకులు తీసుకెళ్తారు, ముందు వరస వాళ్లకే ఇస్తారు. ఫిబ్రవరి 11ని 1993 నుంచి కథోలిక సంఘం ప్రపంచ రోగుల దినంగా జరుపుతోంది. ఇదంతా చెప్తే బాబాయి, "అయితే నేను ముందు కూచోవచ్చన్నమాట" అన్నాడు. కూచున్నాడు కూడా. కొబ్బరికాయ ఆయనే కొట్టాడు.

ఇల్లు చేరాక వాళ్లావిడ ఆయన పిరుదులు, మడమలు చూసింది. ఎక్కడా ఎర్రబారలేదు. ఈసారి భవానీ ద్వీపమట! పడవలోకి కుర్చీ ఎలా ఎక్కిస్తారో చూసి రమ్మని మా తమ్ముడికి అప్పుడే కబురొచ్చింది.