ఆగిన చోటే జవాబు

హైదరాబాదు శివారులోని అప్పా కూడలి దాటి పడమరగా సాగితే మొదట మొయినాబాదు, ఆ తరువాత చేవెళ్ల వస్తాయి. 163వ జాతీయ రహదారిలోని ఈ భాగం మర్రిచెట్లకు పేరు పొందింది. అప్పా కూడలికి, మన్నెగూడకు నడుమనున్న సుమారు 46 కిలోమీటర్ల దారిలో తొమ్మిది వందలకు పైగా మర్రులున్నట్లు రహదారి విస్తరణ ప్రస్తావన వచ్చినప్పుడు లెక్క తేలింది. ఎండవేళ ప్రయాణికులకు అవి గొడుగులు. అయితే ఆ ఇరుకుదారిలో బండి ఆగిపోతే పక్కకు తీయడానికి చోటు దొరకడం కష్టం. విస్తరణ పనులు మొదలుకాక ముందు ఒక వృద్ధ దంపతులకు ఆ కష్టం పలుమార్లు ఎదురైంది.

ఆయన చేవెళ్లలో స్థిరపడిన విశ్రాంత గణితోపాధ్యాయుడు. భార్యకు మూత్రపిండాల వ్యాధి. వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం ఆమెను నగరంలోని ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఇంట్లో ఉన్నది కార్బురేటరు కాలపు పాత పెట్రోలు కారు. తెల్లవారుజామున అది చక్కగా నడిచేది. మధ్యాహ్నం తిరిగివచ్చేటప్పుడు మాత్రం ముప్పై కిలోమీటర్లు దాటాక రెండుమూడు కుదుపులిచ్చి ఆగిపోయేది. అరగంట నీడలో నిలిపితే ఏమీ ఎరగనట్లు మళ్లీ కదిలేది. చికిత్సతో నీరసించిన ఆమె ఆ అరగంటా వెనుక సీటులో కళ్లు మూసుకొని కూర్చునేది.

ఒకనాడు మలుపులో కారు ఆగింది. వెనుకనుండి వచ్చిన లారీ వెంట్రుకవాసిలో తప్పుకుపోయింది. సంగతి విన్న కుమారుడు ఆ రాత్రే ఫోను చేసి, "ఆ పాత ఇనుమును అమ్మేయండి నాన్నా" అన్నాడు. అమ్మడానికి ఆయనకు అభ్యంతరం లేదు. కానీ మరొకటి కొనవలసిన డబ్బు వైద్యానికే సరిపోతున్నది.

మరమ్మతుకు ఆయన కారును ఎప్పుడూ ఉదయమే తీసుకువెళ్లేవారు. చల్లని ఇంజను ఒక్క తిప్పుకే పనిచేసేది. దోషం కనబడకపోయినా ఒకరు ప్లగ్గులు మార్చారు, ఇంకొకరు కార్బురేటరు శుభ్రం చేశారు, మరొకరు కొత్త బ్యాటరీ పెట్టారు. ఖర్చు పెరిగింది, దోషం మిగిలింది.

చివరకు ఆయన పాత బండ్లు చూసే ఒక పెద్దవయసు మేస్త్రీని కలిశారు. ఆ మేస్త్రీ బానెట్టు ఎత్తలేదు. ముందుగా ప్రశ్నలడిగాడు.

"ఎంత దూరం పోయినంక ఆగుతున్నది సార్? ఒక్కపారే బందైతదా, కుదుపులిస్తదా? ఎంతసేపటికి మళ్ల లేస్తది?"

ఆయన అన్నీ వివరించి, "పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేస్తున్నాను మేస్త్రీ, అప్పుడు లేస్తున్నది" అన్నారు.

"గుడ్డ ఎయ్యని నాడు ఎంతసేపటికి లేసింది సార్?"

ఆయన ఆలోచనలో పడ్డారు. గుడ్డ వేయని రోజున కూడా అరగంటకే లేచింది. జీవితమంతా నిరూపణలు బోధించిన ఆయనకు, తాను నిరూపణ లేకుండానే ఒక నమ్మకానికి వచ్చినట్లు అప్పుడు తెలిసింది.

"జ్వరం దిగినంక నాడి పట్టి చూస్తే ఏం తెలుస్తది సార్? ఎండల పోదాం. ఆగినకాడనే చూద్దాం" అన్నాడు మేస్త్రీ.

వేడెక్కాక ఆగే పాత పెట్రోలు కారులో ప్రధానంగా మూడింటిని అనుమానించాలి. పెట్రోలు ట్యాంకు మూతలోని గాలిరంధ్రం మూసుకుపోతే, ట్యాంకులో శూన్యత ఏర్పడి ఇంధనం రావడం తగ్గుతుంది. ఇంజను వేడికి పంపులో, గొట్టంలో పెట్రోలు ఆవిరైతే, ఆ ఆవిరిని పంపు ముందుకు నెట్టలేదు. మూడవది ఇగ్నిషన్ కాయిల్. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను వేల వోల్టులుగా పెంచి ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించేది అదే. అందులోని సన్నని తీగల పూత దెబ్బతింటే, చల్లగా ఉన్నప్పుడు పనిచేసి వేడెక్కాక మొరాయిస్తుంది. మూడు లోపాలకూ పైకి కనబడే లక్షణం దాదాపు ఒక్కటే. చల్లబడితే మూడూ మాయమవుతాయి.

మరునాటి మధ్యాహ్నం ఇద్దరూ బయలుదేరారు. అప్పా కూడలి దాకా వెళ్లి తిరిగివస్తుండగా మొయినాబాదు దాటాక కారు ఆగింది. ఇద్దరూ దానిని మర్రి కిందికి నెట్టారు. మేస్త్రీ వెంటనే పెట్రోలు ట్యాంకు మూత తిప్పి చెవి ఒగ్గాడు. గాలి పీల్చుకున్న చప్పుడు లేదు. గాలిశోధకం తీసి కార్బురేటరు మీట లాగాడు. లోపల పెట్రోలు ధారగా చిమ్మింది. ఇంధనం అందుతున్నదన్న మాట. దానిని మళ్లీ మూసి, వెంట తెచ్చిన ప్లగ్గును తీగకు తగిలించి, ఇంజను లోహానికి ఆనించి, తాళం తిప్పమన్నాడు. నీలిరంగులో మెరవవలసిన రవ్వ పసుపుపచ్చగా వణికి ఆరిపోయింది. కాయిల్ చేయి పెట్టలేనంతగా కాలుతున్నది.

మేస్త్రీ మరే భాగాన్నీ తాకకుండా కాయిల్ ఒక్కటే మార్చాడు. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది దోషమో తెలియదు గదా! తాళం తిప్పగానే ఇంజను లేచింది. ఈసారి అరగంట ఆగవలసిన పని పడలేదు.

అంతటితో అతడు తృప్తిపడలేదు. ఆ కాయిల్ ఎందుకంతగా కాలిందో చూడాలన్నాడు. దాని మీది అక్షరాలు తుడిచి చదివాడు. అది విడిగా నిరోధకం అమర్చి వాడవలసిన రకం. గత వేసవిలో మార్చినవారు దానిని నేరుగా 12 వోల్టులకు కలిపారు. భరించగలిగిన దానికంటె ఎక్కువ విద్యుత్తు ప్రవహించి అది ప్రతి ప్రయాణంలోనూ కొంతకొంతగా చెడిపోయింది. ఒకనాటి మరమ్మతే నేటి జబ్బుకు మూలమైంది. కారణం తెలియకుండా అదే రకం కాయిల్ మళ్లీ పెట్టి ఉంటే, కొన్నాళ్లకు అదే దారిలో కారు తిరిగి ఆగేది.

నేటి కార్లలో కంప్యూటరు దోషాన్ని గుర్తించి సంకేతసంఖ్యగా భద్రపరుస్తుంది. అయినా ఆ సంఖ్య అనుమానించవలసిన చోటును చూపుతుందే తప్ప, అసలు కారణాన్ని ప్రతిసారీ చెప్పదు. ఎప్పుడు, ఎంతసేపటికి, ఏ స్థితిలో అని అడిగే మనిషి అవసరం అప్పుడూ ఇప్పుడూ ఉన్నది. యంత్రానికైనా దేహానికైనా, తప్పు చేసిన పిల్లవాడికైనా ఇది వర్తిస్తుంది. శాంతించిన వేళ చూసి తీర్పు చెప్పడం సులభం. బాధ కలిగిన చోట పక్కన నిలిచి చూడడానికి ఓర్పు కావాలి.

ఆ తరువాతి వారం వృద్ధ దంపతులు ఆసుపత్రి నుండి తిరిగివస్తున్నారు. మొయినాబాదు దాటింది. మర్రుల నీడలు ఒకదాని వెంట ఒకటి అద్దం మీదుగా జారిపోతున్నాయి. అలవాటుగా ఆగే చోటు వెనుకబడింది. ఆయన అద్దంలో వెనుకకు చూశారు. ఆమె నిద్రపోతున్నది. చేవెళ్ల చేరేదాకా ఆమెను లేపవలసిన అవసరం కలగలేదు.