పెట్టెలోని రుమాళ్లు

పూర్వులు విడిచిపోయిన సొత్తులో భూమికి దస్తావేజు కలదు, బంగారమునకు తూకము కలదు. బట్టలకు ఈ రెండును లేవు. కావున వానిని గూర్చిన తగవులు చిన్నవిగా దోచును. కాని యింటి ధర్మము బయటపడునది వానియందే.

ఆళ్లగడ్డలోని మా పాతయిల్లు ఖాళీచేయుచు మా అవ్వ టేకుపెట్టె తెఱచితిమి. అందు ఆఱు తేలియా రుమాళ్లుండెను. తేలియా యనగా నూనెది. నూలును నూనెతోను, ఆముదపుకాయల బూడిదనీటితోను పలుమాఱు నానబెట్టి, నేతకు ముందే నిలువుపోగులకును అడ్డుపోగులకును ముడులు గట్టి రంగు పట్టింతురు. ఎఱుపు, నలుపు, తెలుపు అనునవియే వాని రంగులు. చీరాలలో నేసిన యీ చతురస్రపు వస్త్రములు ఒకప్పుడు అరబ్బుదేశములదాక పోయినవి. పిమ్మట తెలంగాణములోని పుట్టపాక నేతగాండ్రు ఆ పనిని నిలుపుకొనిరి. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. మా రుమాళ్లలో నొకదానియందు విమానములు, మఱియొకదానియందు గడియారములు గలవు. నేసినవాని పేరు దేనిమీదను లేదు.

మా తాతగారు వీనిని అవ్వకు కొనితెచ్చిరట. ఆయన పోవునప్పటికి ఆమెకు ముప్పదియేండ్లైన నిండలేదు. ఆపై ఆమె యెఱుపు ముట్టలేదు. మఱి నలువదేండ్లు బ్రదికినది. రుమాళ్లు మడతలోనే యుండెను.

వీని నేమి చేయవలయునని నంద్యాలలో మా యింట నాలోచన జరిగినది. పాతవస్తువులు గొనువారి కమ్ముదమని తమ్ముడనెను. అద్దము బిగించి గోడకు దగిలింతమని మా పెద్దమ్మాయి యనినది. రెండును దప్పు గావు. కాని రెండేండ్ల క్రిందట భర్తను గోల్పోయి మాయొద్దనే యుండు మా అక్క యొక రుమాలును చేతబట్టి, చూచి చూచి, “ఈ యెఱుపు నాకెందుకురా” యని మరల మడచి పెట్టెలో నుంచినది. పెట్టెతోపాటు దానికి వేసిన తాళముకూడ మాకు సంక్రమించినదని అప్పుడు తెలిసినది.

వితంతువివాహమునకు 1856లో చట్టము వచ్చినది. 1881లో వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వివాహము జరిపించిరి. ఉమ్మడి యాస్తిలో కూతునకు కొడుకుతో సమానమైన హక్కు కేంద్ర చట్టములో 2005లో వచ్చినది. విధవ యే రంగు కట్టరాదో చెప్పు చట్టమేదియు లేదు. అయినను మన యిండ్లలో ఆ శాసనము చెల్లుచునే యున్నది.

మా యింటియామె వాదింపలేదు. “వదినా, తెల్లవారుజామున చలిగా ఉన్నది, కప్పుకోండి” యని విమానముల రుమాలును అక్క భుజములమీద గప్పినది. అక్క తీసివేయలేదు. నాలుగు దినములకు దానితోనే కూరగాయల యంగడికి బోయి వచ్చినది. వీథిలో మాటలు పుట్టినవి. రెండు వారములకు చల్లారినవి.

తక్కిన యైదింటిలో నాలుగు, మా పిల్లలకును తమ్ముని పిల్లలకును ఆడు మగ భేదము లేక పంచితిమి. ఐదవది పాఠశాలకు గొనిపోయి పిల్లలకు నేత చూపుచున్నాము.

ఒక్క మడతలో ఏండ్లతరబడి యుంచిన బట్ట ఆ మడతయొద్దనే చిరుగును. కావున పాఠకులు తమ పెట్టెలు తెఱచి, బట్టలను నీడ నాఱవేసి, ఎవరికి దగదని దాచిరో వారికే ముందుగా నియ్యవలయునని మా మనవి.